కత్తెర వేయకముందు



మీ యింటిలో ఒక బొంత యుండును. మంచము క్రిందనో అటకమీదనో మడిచి పెట్టియుందురు. చలికాలమున అవ్వ దానిని కప్పుకొనును. ఎండకాలమున శెనగలు ఆరబోయుటకు పనికివచ్చును. బిడ్డ పుట్టినప్పుడు దానినే మెత్తగా మడిచి ఉయ్యాలలో వేయుదురు. చినిగిన యెడల దానిమీద మరియొక పాత చీర పరచి మరల కుట్టుదురు. దానికి వెల లేదు, దానిని సంతలో ఎవరును అడుగరు. గంతకు తగ్గ బొంత అని ఎగతాళికి మాత్రము దాని పేరెత్తుదుము. ఈ మాసము నేను మీతో ఆ బొంతను గూర్చియే మాటలాడగోరుచున్నాను. ఏలయనగా చిన్నపిల్లలకు బొంత కుట్టుట నేర్పబోయి, ఏబది యేండ్లు దాటిన తరువాత, ఆ పిల్లల యొద్దనే నేనొక పాఠము నేర్చుకొంటిని.

నేను సేవచేయు ఊరు ఎఱ్ఱగుంట్ల మండలములోని కలమల్లకు సమీపమున నున్నది. కలమల్ల పేరు పండితులు ఎరుగుదురు. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో కనుగొనబడిన రాతి శాసనము, రేనాటి చోళరాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు క్రీ.శ. 575లో వేయించినది, మనకు దొరికిన తెలుగు శాసనములలో మొదటిదని చెప్పుదురు. మా పిల్లలకైతే ఆ రాతికంటె థర్మల్ విద్యుత్ కేంద్రపు ఎత్తైన పొగగొట్టములే ఎక్కువ తెలియును. 1994 నుండి అవి మా ఆకాశమున నిలిచియున్నవి.

మా ఊరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు ఒకనాడు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, శనివారం చిత్రలేఖనం పిరియడ్ ఉంది. కాగితం రెండు వారాలకే అయిపాయె. రంగులు కొనేదానికి డబ్బుల్లేవు. మీరేమన్నా నేర్పిస్తారా?” అని అడిగెను. నాకు బొమ్మలు వేయుట రాదు. అయితే నా తల్లి బొంతలు కుట్టెడిది. చిన్నతనమున సూదిలో దారమెక్కించుట నా పని. గనుక, “రంగులు కొననక్కరలేదమ్మా, అవి వారి యిండ్లలోనే ఉన్నవి. ఒక్కొక్క బిడ్డ ఒక పాత గుడ్డ తెచ్చిన చాలును” అని చెప్పితిని.

మూడు, నాలుగు, అయిదు తరగతులు కలిపి ముప్పదిమంది పిల్లలు. మొదటి దినముననే ఒక పిల్లవాడు లేచి, “కుట్టేది ఆడపిల్లల పని, అయ్యగారూ” అనెను. “ప్రొద్దుటూరు బట్టల బజారులో మిషనుమీద కూర్చున్నవారు ఎవరురా?” అని అడిగితిని. వాడు తలవంచుకొని, “మా మామ” అనెను. అందరును నవ్విరి. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి జీవించెననియు, ప్రత్యక్షగుడారపు పనికి దేవుడు పేరుపెట్టి పిలిచిన బెసలేలు, అహోలీయాబు అనువారు పురుషులే అనియు చెప్పితిని. ఆ తరువాత ఆ మాట మరల ఎవరును ఎత్తలేదు.

చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని గాంధీగారు 1937లో వార్ధా మహాసభలో బోధించిరి. అది ఎంత నిజమో ఆ శనివారములలో చూచితిని. ఏడు అంగుళముల చదరముగా ఒక్కొక్క ముక్క కత్తిరించితిమి. నాలుగు ప్రక్కలను అర అంగుళము చొప్పున కుట్టులోనికి పోవును. అట్లైన మిగులునదెంత? ఆరున్నర అని సగముమంది చెప్పిరి. కుట్టి, కొలిచి చూడగా ఆరు అంగుళములే ఉండెను. తీసివేత వారికి అప్పుడు అర్థమాయెను. అడ్డముగా అయిదు, నిలువుగా ఆరు, మొత్తము ముప్పది ముక్కలు. కుట్టిన తరువాత వెడల్పు ముప్పది అంగుళములు, పొడవు ముప్పదియారు అంగుళములు. ఒక చిన్నబిడ్డకు సరిపోవు బొంత.

దారము మూరకు మించరాదు. మించిన యెడల చిక్కుపడును. గుడ్డను పడుగు పేకల వెంబడి తిన్నగా కత్తిరించిన యెడల అది నిలుచును. ఓరగా కత్తిరించిన యెడల సాగి వంకరపోవును. జమ్మలమడుగు పరిసరముల నేతవారి పిల్లలు ఇద్దరు ఈ సంగతి నాకంటె బాగుగా చెప్పిరి.

ఒక్కొక్క చదరముమీద ఒక్కొక్క బొమ్మ. పాత పెండ్లిపత్రికల అట్టమీద బొమ్మ గీసి కత్తిరించి, దానిని వేరొక రంగు గుడ్డమీద నుంచి, చుట్టును పావు అంగుళము ఎక్కువగా కత్తిరించవలెను. ఆ ఎక్కువ భాగమును లోపలికి మడిచి, కచ్చా కుట్టు వేసి, చదరముమీద పెట్టి, అంచు వెంబడి హెమ్మింగు కుట్టవలెను. పని ముగిసిన తరువాత కచ్చా కుట్టు లాగివేయుదురు. అంచు లోపలికి మడువని యెడల పోగులు ఒక్కొక్కటిగా ఊడి బొమ్మ రాలిపోవును. గుండ్రని వంపు తిరుగుచోట మడుపులో చిన్న చిన్న గాట్లు పెట్టిననే గాని అది ఒదుగదు. ఇట్లు ఆవులు, కుండలు, బస్సులు, వేపచెట్లు, తొమ్మిది పొగగొట్టములు సిద్ధమాయెను. మన రాయలసీమ తాండాలలో సుగాలి స్త్రీలు తమ పావడాలకు అద్దములతో కూడ కుట్టుకొను రంగు ముక్కలును, ఒడిశాలోని పిప్పిలిలో జగన్నాథుని రథోత్సవమునకు కుట్టు గుడారపు బట్టలును ఈ పనికి బంధువులే.

ఏ యింటి గుడ్డ ప్రక్కన ఏ యింటి గుడ్డ పడునో అని ఊరిలో కొందరు గుసగుసలాడిరని వింటిని. పిల్లలు మాత్రము ఎరుపు ప్రక్కన ఆకుపచ్చ బాగుండునా, పసుపు బాగుండునా అని కొట్లాడుకొనుచుండిరి.

ఇప్పుడు నా పొరపాటు చెప్పవలెను.

ముక్కలన్నియు ఉతికి తేవలెనని నేను ఒక నియమము పెట్టితిని. ప్రభువు చెప్పిన మాసిక ఉపమానము మీరెరుగుదురు. మత్తయి, మార్కు, లూకా ముగ్గురును దానిని వ్రాసిరి. నేను దానిమీద ఎన్ని మారులు ప్రసంగించితినో లెక్కలేదు. పిల్లలకు దానిని కండ్లారా చూపించవలెనని, ఒక మూర కోరా గుడ్డను కొలిచి, నీటిలో నానబెట్టి, ఎండబెట్టి, మరల కొలిపించితిని. సుమారు ముప్పాతిక అంగుళము తగ్గెను. మగ్గముమీద బిగలాగి నేసిన నూలు మొదటిసారి తడిసినప్పుడు ముడుచుకొనును. అట్టి క్రొత్త ముక్కను పాతబట్టకు కుట్టిన యెడల, ఉతికిన దినమున అది ముడుచుకొని, మెత్తబడియున్న పాతబట్టను లాగి చింపును. పిల్లలు నోరు తెరచి చూచిరి. ఆ సంతోషములో, “ఉతకని గుడ్డ మన బొంతలోనికి రాదు” అని గట్టిగా చెప్పితిని.

నాలుగవ తరగతి చదువు ఒక చిన్నది మూడు వారములు ఒట్టి చేతులతో వచ్చెను. మూడవ వారమున అందరి యెదుట నేను, “ఒక్క పేలికైనను మీ యింట దొరకలేదా?” అని అడిగితిని. ప్రక్కనున్న పిల్లవాడు, “దాని సంచిలో ఉంది అయ్యగారూ, ఉతకలేదని దాచిపెట్టుకుంది” అనెను. నేను చేయి చాచితిని. ఆమె మెల్లగా తీసెను. అది తువాలంత వెడల్పుగల ఒక పాత చీర కొంగు, గులాబి రంగు. నా రెండవ చేతిలో కత్తెర యుండెను. ఆ బిడ్డ కొంగు రెండవ చివర పట్టుకొని విడువలేదు. ఏడువలేదు, మాటలాడలేదు, విడువనూ లేదు. మొండిపిల్ల అనుకొంటిని. “ఉతికి తెమ్ము” అని చెప్పి వదలివేసితిని.

మరునాటి సాయంకాలము దాని అవ్వ మా యింటి వాకిట నిలిచెను.

“అయ్యగారూ, మీ మీద కోపం కాదు, చెప్పిపోదామని వచ్చినా. దాని తల్లి కువైటుకు పోయి రెండేండ్లాయ. ఆ కొంగు తలకింద పెట్టుకోనిదే ఇది నిద్రపోదు. మీరు ఉతకమన్నారంట. ఉతికితే అమ్మ వాసన పోతుందని రాత్రంతా ఏడ్చింది.”

మన కడప జిల్లానుండి ఎందరు తల్లులు కువైటులో పరుల బిడ్డలను ఎత్తుకొని పెంచుచున్నారో మీకు తెలియును. వారి కొరకు ఆరాధనలో ప్రార్థించువాడను నేనే. అయినను ఆ కొంగు నా చేతిలో ఉన్నప్పుడు అది ఎవరిదని నేను అడుగలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ముప్పదియేండ్లుగా దాచుకొన్న సంగతి ఒకటి జ్ఞాపకమునకు వచ్చెను. 1992లో నేను వేదాంత కళాశాలకు పోవునప్పుడు నా తల్లి తాను కుట్టిన బొంతను నా పెట్టెలో పెట్టెను. వసతిగృహములో తక్కిన విద్యార్థులకు కొన్న కంబళ్లు ఉండెను. నేను సిగ్గుపడి బొంతను పరుపు క్రింద దాచితిని. కొన్ని నెలలకు వంటయింటివారు వేడి గిన్నెలు దించుటకు పాతగుడ్డ అడుగగా, దానిని ఇచ్చివేసితిని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నా తల్లి, “నాయనా, బొంత మూలన నీలం ముక్క చినగలేదు కదా?” అని అడిగెను. “బాగుందమ్మా” అని చెప్పితిని. అప్పుడామె, “అది నీ చెల్లెలి గౌను. అదొక్కటే మిగిలింది. నీ దగ్గరుంటే బాగుంటాదని అందులో వేసినా” అనెను. నా చెల్లెలు మూడేండ్ల ప్రాయమున జ్వరముతో చనిపోయెను. నేను నా తల్లికి నిజము చెప్పలేదు. ఆమె ప్రభువునందు నిద్రించువరకు చెప్పలేదు. ఇప్పుడు మీతో చెప్పుచున్నాను.

ఆ రాత్రి మాసిక ఉపమానము మరల చదివితిని. ఇన్ని యేండ్లు ప్రసంగించినను చూడనిది ఒకటి అప్పుడు చూచితిని. ఉపమానములో దోషము పాతబట్టది కాదు. చింపునది క్రొత్త ముక్క. ఆ గులాబిరంగు కొంగు ఎన్ని వందల మారులు ఉతుకబడి యుండును! ముడుచుకొనవలసినంత ముడుచుకొని, మెత్తబడి, కుట్టుకు సిద్ధముగానున్నది. దానిని ఉతుకవలసిన అక్కర యేమియు లేదు. కుట్టుపని తెలిసిన ఏ అవ్వయైనను నాకు ఆ మాట చెప్పియుండును. క్రొత్తది, బిరుసైనది, పాతదానిని చింపునది నేను పెట్టిన నియమమే.

తరువాతి శనివారము పిల్లలందరి యెదుట, “నేను తప్పు చెప్పితిని. క్రొత్త గుడ్డ ఉతుకవలెను. పాతగుడ్డ ఉతుకనక్కరలేదు” అని చెప్పితిని. ఆ చిన్నదానిని పిలిచి, “అమ్మా, నీ కొంగును కత్తిరించకుండ బొంతలో పెట్టవచ్చును. నీకు ఇష్టమైన యెడలనే” అంటిని. ఆమె చాలసేపు ఆలోచించెను. తరువాత తానే దానిని మడుపుమీద మడుపుగా ఏడంగుళముల చదరమునకు తెచ్చి, అంచుల వెంబడి పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసెను. “గట్టిగా కుట్టవద్దా?” అని అడుగగా, “వద్దు. అమ్మ వచ్చినాక విప్పి ఇయ్యాల” అనెను.

ఆ దినము మొదలుకొని ఒక క్రొత్త పద్ధతి పెట్టితిమి. కత్తెర వేయకముందు, ఈ గుడ్డ ఎవరిది అని అడుగవలెను. తెచ్చినవాడు చెప్పవలెను. అది తాత తలపాగా. ఇది లారీ తోలు నాయన ఖాకీ చొక్కా. ఇది అక్క పెండ్లిచీర అంచు, ఎలుక కొరికినది. ఇది తమ్ముని ఉయ్యాల గుడ్డ. ఒక పిల్లవాడు, “ఇది మా యింటిది కాదు, టైలరు అంగట్లో ఏరుకొచ్చినా” అనెను. అందరును నవ్వగా వాడు, “అయితే ఇది ఊరందరిదీ” అనెను. అంతవరకు నేను నేర్పినది కుట్టు మాత్రమే. చిత్రలేఖనపు తరగతి నిజముగా అప్పుడు మొదలాయెనని నా తలంపు.

ఈ సంగతి మన ఊరిలోనే పుట్టినది కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున, నది వంపులో, జీస్ బెండ్ అను పల్లె యున్నది. అక్కడివారు బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి సంతానము. 1942లో ఆ పల్లెలో మిస్సోరి పెట్‌వే అను ఆమె భర్త మరణించగా, అతడు పొలములో తొడిగిన పనిబట్టలు తీసి, అతనిని జ్ఞాపకము చేసికొని, కప్పుకొనుటకు ఒక బొంత కుట్టెను. ఆమె కుమార్తె ఆర్లోంజియా ఆ పనిలో తోడుపడెను. మోకాళ్లయొద్ద అరిగిన గుర్తులు దానిలో ఇంకను కనబడుచున్నవి. 1966లో అక్కడి స్త్రీలు, ఒక క్రైస్తవ గురువు తోడ్పాటుతో, బొంతలు అమ్ముటకు ఒక సహకార సంఘమును స్థాపించుకొనిరి. 2002లో ఆ పల్లె బొంతలు హ్యూస్టన్, న్యూయార్క్ నగరముల చిత్రశాలలలో గోడలమీద వ్రేలాడెను. 2006లో ఆ దేశపు తపాలా బిళ్లలమీదికిని ఎక్కెను.

మన ప్రక్కనున్న కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవులయందు సిద్దీలు నివసించుచున్నారు. వారును ఆఫ్రికానుండి వచ్చినవారి సంతానమే. వారిలో హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ముగ్గురును ఉన్నారు. వారి స్త్రీలు కుట్టు బొంతకు కవంది అని పేరు. మనవలె మధ్యనుండి గాక, వారు అంచునుండి లోపలికి కుట్టుకొని పోదురు. చివరకు నాలుగు మూలలను చిన్న త్రికోణపు మడుపులు కుట్టి, వాటిని పువ్వులని పిలిచెదరు. ఆ పువ్వులు లేని బొంత దిగంబరముగా నున్నట్టే యని వారి భావము. బీదదైన బొంతకు కూడ మర్యాద కావలెనని వారు ఎరుగుదురు.

సూది మన సంఘములకు క్రొత్త కాదు. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలనే తెచ్చి పేతురునకు చూపించిరి. ఆమె గుణములను మాటలతో పొగడుటకంటె ఆ బట్టలను చూపుటయే వారికి చాలెను. నరసాపురములో 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మక్రే దంపతులు లేసు అల్లిక నేర్పిరని చెప్పుదురు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరికెను. అయితే ఆ పని చేయు స్త్రీలకు కూలి ఎంత స్వల్పముగా దక్కుచుండెనో, లాభము ఎవరికి పోవుచుండెనో మరియా మీస్ అను పండితురాలు 1982లో ఒక గ్రంథమందు వివరించెను. చేతికి పని నేర్పుట మంచిదే. ఆ చేయి ఎవరిదని అడుగుటయు మనమీద నున్నది.

మా బొంత ముగియుటకు ఏడు నెలలు పట్టెను. లోపల ఒక పాత చీర, అడుగున మరియొక పాత చీర పరచి, మధ్యనుండి అంచులకు సాదా కుట్టు వేసికొని పోతిమి. అంచులనుండి మొదలుపెట్టిన యెడల మా చేతులకు ముడుతలు నడుమ చిక్కుకొని పోవుచుండెను. కుట్లు కొన్ని వంకర, కొన్ని చోట్ల రక్తపు చుక్కలు. మొదట దీనిని ఆసుపత్రిలో పుట్టిన ఏదైన బీదబిడ్డకు ఇయ్యవలెనని తలంచితిమి. అయితే గులాబిరంగు చదరము ఇంకను కచ్చా కుట్టుమీదనే యున్నదని పిల్లలే జ్ఞాపకము చేసిరి. “దాని అమ్మ వచ్చిందాకా బడిలోనే ఉండనీ అయ్యగారూ. ఆసుపత్రికి ఇంకోటి కుట్టిస్తాం” అనిరి. రెండవ బొంత ఇప్పుడు సగమైనది.

ఒక ఆదివారము ఆరాధన తరువాత ఆ చిన్నది అవ్వ ఫోను తెచ్చి, తల్లికి ఫోనులోనే బొంతను చూపించెను. నేను ప్రక్కన నిలిచియుంటిని. తల్లి తన కొంగును గుర్తుపట్టి చాలసేపు మాటలాడలేదు. తరువాత, “ఆ కుట్లేంటికే అంత పొడుగ్గా ఉండాయి?” అని అడిగెను. “నువ్వొస్తే విప్పేదానికి” అని బిడ్డ చెప్పెను. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొని, “విప్పొద్దులే. నేనొచ్చినాక ఇద్దరం కూర్చోని గట్టిగా కుడదాం” అనెను.

ఆమె ఇంకను రాలేదు. కచ్చా కుట్లు అట్లే యున్నవి. ప్రతి శనివారము ఆ బిడ్డ వాటిని వ్రేలితో తడిమి, ఏదైన జారినదేమో చూచి, తన చోట కూర్చుండును.

ప్రియులారా, మీ సంఘములోను ఇట్టి పని చేయవచ్చును. సూదులు, దారము, నాలుగు పాత చీరలు, ఒక అవ్వ చాలును. క్రొత్త గుడ్డ తెచ్చిన యెడల దానిని తప్పక నానబెట్టుడి. పాతదానిని ఉన్నదున్నట్టు పుచ్చుకొనుడి. మీ చేతిలో కత్తెర ఉన్నప్పుడు, అది గుడ్డమీదనైనను, ఒక బిడ్డ హృదయముమీదనైనను, కోయకముందు ఒక్క మాట అడుగుడి: ఇది ఎవరిది?

నా తల్లి నన్ను నీలపు ముక్కను గూర్చి అడిగిన దినమున నేను చెప్పవలసిన జవాబు చెప్పలేదు. ఆ మాట ఈనాడైనను ఒక బిడ్డ నోట విని, ఒక గులాబి ముక్కను కాపాడగలిగినందుకు దేవునికి స్తోత్రము.